నాలుగు, నాలుగు, ఒకటి

నా జన్మలో నాకు పడింది ఒకే ఒక్క ఓటు. అది కూడా నేనే వేసుకున్నాను.

అంతకు ముందు గానీ ఆ తరవాత గానీ నన్నెవరూ దేనికీ ఎన్నుకోలేదు. బళ్ళో క్లాసు లీడరుగా ఎవరుంటారని అడిగితే నేను చెయ్యెత్తాను. మా టీచరుగారు నవ్వాపుకోలేక చాక్‌పీసు కింద పడేసుకున్నారు. ఎనిమిదో తరగతి రెండోసారి చదువుతుండగా, మూడోసారి చదవడం బడికీ నాకూ ఇద్దరికీ మర్యాద కాదనిపించి మానేశాను. మా నాన్న తీసుకెళ్ళి కాలవ గట్టు మీద మా బాబాయి సైకిల్ షాపులో కూర్చోబెట్టాడు. ఇప్పటికీ అక్కడే కూర్చున్నాను. స్టూలు మాత్రం రెండుసార్లు మార్చాను.

మా ఊరు కడియం దగ్గర. ఎటు చూసినా నర్సరీలు. షాపుకి ఎదురుగా రోడ్డు, రోడ్డుకవతల హైస్కూలు గ్రౌండు. షాపు ముందు ఒక బల్ల వేసి ఉండేది. తొంభైల్లో ఆ బల్ల మీద రోజూ ఇద్దరు కూర్చునేవారు. ఒకరు రిటైరైన సోషలు మాస్టారు. రెండోవారు శివాలయం పూజారిగారు. ఇద్దరికీ సైకిళ్ళు లేవు. నా షాపుకి వాళ్ళు చేసిన లాభం ఏమిటంటే, పేపరు కొని తెచ్చేవారు. అది కూడా ఆటల పేజీ మొదట పూజారిగారి చేతికి పోవాలి. మహానివేదన పెట్టి తలుపు దగ్గరగా వేసి వచ్చేవారు. వచ్చాక దేవుడి సంగతి ఎత్తేవారు కాదు.

"చూశారా మాస్టారూ, మళ్ళీ సెంచరీ కొట్టినోడికే ఇచ్చారు మేన్ ఆఫ్ ది మేచ్" అనేవారు పూజారిగారు, గెలిచినట్టు.

"వాడు కొట్టింది చచ్చిన మేచ్‌లో కదండీ. మూడు వికెట్లు తీసి మేచ్ తిప్పినవాడు మీ కళ్ళకి ఆనడా?"

"జనం టికెట్టు కొనేది కొట్టేవాణ్ణి చూడ్డానికండి. వికెట్లు చూడాలంటే మా ఇంటి వెనకాల కంచెలో బోలెడున్నాయి, పాతిపెట్టి."

"అందుకే మీ గుళ్ళో గంట కొట్టేవాడికి ప్రసాదం ఎక్కువా, వండినవాడికి తక్కువా?"

ఇలా సాగేది. మధ్యలో నేను ఏదో ఒకటి విసిరేవాణ్ణి. ఎవరి పక్షమూ కాదు. ఎవరు ఓడిపోతున్నట్టు కనిపిస్తే వాళ్ళ మీద విసిరేవాణ్ణి, అప్పుడు నవ్వు ఎక్కువ వస్తుంది కాబట్టి. ఆ రోజుల్లో నా తెలివంతా అదే.

వాళ్ళు ఎప్పటికీ తేల్చుకోలేకపోయిన వాదన మాత్రం క్రికెట్టు గురించి కాదు, మా ఊరి వాలీబాల్ గురించి. నువ్వు కెప్టెన్‌వి, ముందు కోరుకునే వంతు నీది, లిఫ్టర్ని కోరుకుంటావా, స్మాషర్ని కోరుకుంటావా? ఆట తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అవతలి నుంచి వచ్చిన బంతిని ఒకడు తీస్తాడు. నెట్టు పక్కనున్న లిఫ్టరు దాన్ని వేళ్ళ చివర్లతో మెత్తగా పైకి లేపుతాడు. స్మాషరు పరుగెత్తుకొచ్చి ఎగిరి కొడతాడు. కేకలన్నీ కొట్టినవాడికి. లేపినవాడు అప్పటికే వెనక్కి తిరిగి తన చోటికి నడుస్తుంటాడు.

మాస్టారు లిఫ్టరు అనేవారు. పూజారిగారు స్మాషరు అనేవారు. పదేళ్ళు అదే మాట.

మా ఊళ్ళో లిఫ్టరు అంటే నా స్నేహితుడు. మా వీధిలోనే వాళ్ళ ఇల్లు. మొక్కల సంచుల్లో మట్టి నింపే కూలికి నర్సరీకి వెళ్ళేవాడు. పొద్దుటి నుంచి నాలుగింటి వరకూ నల్లటి చిన్న పాలిథీన్ సంచులు, ఎర్రమట్టి, ఎరువు. నాలుగింటికి కాలవలో మునిగి, చేతులకి కొబ్బరినూనె రాసుకుని గ్రౌండుకి వచ్చేవాడు. ఆ నూనె దేనికిరా, పెళ్ళిచూపులకా అని నేను ఏడిపించేవాణ్ణి. మట్టి వేళ్ళని పగలగొట్టేస్తుంది. పగిలిన వేళ్ళకి బంతి తెలియదు. అది వాడు ఎప్పుడూ నాకు వివరంగా చెప్పలేదు. నేనే తరవాత తెలుసుకున్నాను.

వాడూ నేనూ ఉజ్జీలం. ఇది కూడా చెప్పాలి. చిన్నప్పుడు ఏ ఆటకైనా జట్లు పంచుకునే పద్ధతి అదే. ఇద్దరు కెప్టెన్లు నిలబడతారు. మిగిలినవాళ్ళు ఎవరికి వారు తమతో సమానమైనవాణ్ణి చూసుకుని జతలు కడతారు. జతలో ఇద్దరూ భుజాల మీద చేతులు వేసుకుని దూరంగా వెళ్ళి రహస్యంగా రెండు పేర్లు పెట్టుకుంటారు. నువ్వు జామకాయ, నేను మావిడికాయ. తిరిగొచ్చి "జామకాయ కావాలా, మావిడికాయ కావాలా?" అని అడుగుతారు. కెప్టెన్ ఏది కోరుకుంటే అది అటు, మిగిలింది ఇటు. ఎవరికీ అన్యాయం జరగదు, ఎందుకంటే ఉజ్జీలిద్దరూ సమానం.

నాతో సమానమైనవాడు ఊళ్ళో లేడు. అంత చెత్తగా ఇంకెవరూ ఆడరు. నేనెప్పుడూ ఒంటరిగా మిగిలిపోయేవాణ్ణి. ఒకరోజు మావాడు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. అందరికన్నా బాగా ఆడేవాడు, అందరికన్నా పాడుగా ఆడేవాడితో. కెప్టెన్లు గోల పెట్టారు. "ఏం, మా ఇద్దరి ఎత్తూ ఒకటే కదా" అన్నాడు వాడు. ఆ తరవాత నేను బడి మానేసేదాకా రోజూ వాడే నా ఉజ్జీ.

కెప్టెన్లకి మాతో పెద్ద ఇబ్బంది రాలేదు. వాడు పేర్లు చెబుతుంటే, నా పేరు వచ్చేసరికి నాకు నవ్వాగేది కాదు. మూతి వంకర పోయేది. వాళ్ళు నా మూతి చూసి రెండోది కోరుకునేవాళ్ళు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

పెద్దయ్యాక ఏటా ఎండాకాలంలో మా హైస్కూలు గ్రౌండులో వాలీబాల్ పోటీలు జరిగేవి. మా ఊరితో కలిపి చుట్టుపక్కల ఆరు ఊళ్ళ జట్లు ఆడేవి. నేను ఆడటానికి పనికిరాను కాబట్టి మైకు నా చేతికిచ్చారు. స్కోరు చెప్పాలి, పిల్లలు తప్పిపోతే చెప్పాలి, మధ్యలో జనాన్ని నవ్వించాలి. మూడోది నాకు ఎవరూ చెప్పలేదు. అదే ముఖ్యమని నేను అనుకున్నాను.

పోటీల చివర ఉత్తమ ఆటగాడికి కప్పు ఇచ్చేవారు. దానికి ఓటింగు. ఆరుగురు కెప్టెన్లు, ఇద్దరు రిఫరీలు, మొత్తం ఎనిమిది ఓట్లు. ఒక ఏడాది చెరి సగం వచ్చి, కప్పు ఎవరిదో తేలక, రెండు ఊళ్ళవాళ్ళు కుర్చీలు విరగ్గొట్టుకున్నారు. ఆ మర్నాడు పంచాయతీ ప్రెసిడెంటుగారు షాపుకొచ్చి సైకిల్లో గాలి కొట్టించుకుంటూ, "వచ్చే ఏడు నుంచి నువ్వూ ఒక ఓటెయ్యరా. తొమ్మిదైతే ఇంక సమానం రాదు" అన్నారు. అంటే, సమానం రాకుండా ఉండటానికే నాకు ఓటు ఇచ్చారు. దాని పని అదొక్కటే.

నేను చెప్పబోయే ఏడు, పోటీలకి ఒక చక్కెర ఫ్యాక్టరీ నుంచి ఆటల సూపర్‌వైజరుగారు ముఖ్య అతిథిగా వచ్చారు. తెల్ల బూట్లు వేసుకున్నారు. సాయంత్రానికి అవి మా ఊరి రంగులోకి వచ్చాయి. పొద్దున్నే మైకు తీసుకుని ఆయన చెప్పిన మాట ఇది: వాళ్ళ ఫ్యాక్టరీ టీములో ఒక ఖాళీ ఉంది. ఇవాళ ఉత్తమ ఆటగాడి కప్పు ఎవరికొస్తే వాణ్ణి సోమవారం నుంచి పనిలోకి తీసుకుంటారు. ముందు టెంపరరీ, బాగా ఆడితే పర్మనెంటు. "నన్ను మాత్రం ఎంచమని అడక్కండి. రికమండేషన్లతో చచ్చిపోతున్నాను. మీ ఊళ్ళవాళ్ళే తేల్చండి" అన్నారు.

ఆ మాట అంటున్నప్పుడు మావాడు గ్రౌండు పక్కన కూర్చుని వేళ్ళకి టేపు చుట్టుకుంటున్నాడు. చుట్టడం ఆపి విన్నాడు. విని మళ్ళీ చుట్టుకున్నాడు. కాసేపాగి నా దగ్గరికొచ్చాడు.

"ఒరే, ఆయన సోమారవనే అన్నారా?"

"సోమవారమే. నీకు కుదరదంటే మంగళవారం చెయ్యమని చెప్పమంటావా?"

"ఎహె, నవ్వులాట కాదురా. మట్టి పని ఇంక నావల్ల కావట్లేదు. చూడు" అని వేళ్ళు చూపించాడు. టేపు మీదే ఎర్రగా ఉంది. "ఇంకో రెండేళ్ళు ఇలాగే అయితే బంతి పట్టుకోలేను."

"కప్పు నీదేలేరా. ఇంకెవరికొస్తుంది?" అన్నాను. నిజంగానే అనుకున్నాను.

ఇంకెవరికొస్తుందంటే, పెద్దాపురం దగ్గర నుంచి వచ్చిన జట్టులో పదో నంబరు స్మాషరు ఉన్నాడు. పొడుగు. గాలిలో కాసేపు ఆగి కొట్టేవాడు. బంతి నేలకి తగిలితే నా మైకులోకి వినిపించేది. ఫైనల్లో ఆ జట్టూ మా జట్టూ ఆడాయి. మేం గెలిచాం. గెలిచింది లిఫ్టింగు వల్లే. మావాడి జెర్సీ మీద నంబరు ఎనిమిది. అవతలివాళ్ళు ఎనిమిదిని చూసి ఒకవైపు గెంతేవారు, బంతి రెండోవైపు లేచేది. ఆఖరి పాయింటు కూడా అంతే. కానీ జనం గొంతు పోగొట్టుకుంది పదో నంబరు కోసం. ఓడిపోయినవాడి కోసం అంతలా అరవడం నేను అప్పుడే విన్నాను.

ఓటింగు మొదలైంది. పూజారిగారు గుళ్ళో రాగి చెంబు తెచ్చి పట్టుకున్నారు. అందులో చీటీలు వేయాలి. పేర్లు కాదు, జెర్సీ నంబర్లు. మాస్టారు స్టేజీ మీద నా వెనక, బడి నుంచి తెచ్చిన నల్లబల్ల దగ్గర నిలబడ్డారు. చదివేది నేను, గీతలు గీసేది ఆయన. నా షాపు ముందు వాదించుకునే ఇద్దరికీ ఆ రోజు సర్కారు పని దొరికినట్టుంది. ఇద్దరూ ఉతికిన పంచెలు కట్టుకొచ్చారు.

నా చీటీ నేను ఫైనలు జరుగుతుండగానే రాసేశాను. "మైకు" అని రాశాను. చదివినప్పుడు ఒక నవ్వు వస్తుందని. అంతే. మావాడికి ఆరో ఏడో ఓట్లు వస్తాయి, నా ఓటు ఎటుపోయినా తేడా ఉండదు, జనం నవ్వుకుంటారు. దాన్ని బీడీలాగా చుట్టి చెంబులో వేశాను.

చదవడం మొదలుపెట్టాను. ఒక్కో చీటీకి ఒక్కో మాట. "ఎనిమిది! లేపేవాడికి ఒక లేపు!" అని. "పది! ఈ ఓటేసినాయన చెవులు ఇంకా గింగురుమంటున్నాయి" అని. జనం నవ్వుతున్నారు. పూజారిగారు చీటీ తీసి ఇస్తున్నారు. వెనక చాక్‌పీసు చప్పుడు. ఎనిమిది, పది, పది, ఎనిమిది. అలా ఎనిమిది చీటీలు అయ్యాయి. తొమ్మిదోది పూజారిగారు నా చేతిలో పెట్టారు. బీడీలాగా చుట్టి ఉంది.

నేను వెనక్కి తిరిగాను. నల్లబల్ల మీద ఇటు నాలుగు గీతలు, అటు నాలుగు గీతలు. మాస్టారు చాక్‌పీసు పట్టుకుని నన్నే చూస్తున్నారు. ఆయన కళ్ళద్దాల్లో ఎండ పడి కళ్ళు కనిపించలేదు.

మళ్ళీ జనం వైపు తిరిగి చీటీ విప్పాను. విప్పాల్సిన పని లేదు. అందులో ఏముందో నాకు తెలుసు. నా అక్షరాలు నాకు తప్ప ఎవరికీ అర్థం కావు కూడా. "ఎనిమిది" అంటే సరిపోయేది. ఆ కాగితం చూపించమని ఎవరూ అడగలేదు, తరవాత కూడా. నా జేబులోనే ఉండిపోయింది. ఉతుకులో ముద్దైపోయింది.

"ఎనిమిది" అనాలని నాకు తెలుసు. అనడానికి కావలసినంత సేపు ఉంది. కానీ నోట్లో రెండో మాట అప్పటికే తయారుగా ఉంది. ఫైనలప్పటి నుంచీ ఉంది.

"తొమ్మిదో ఓటూ..." అని సాగదీసి, "మైకుకి!" అన్నాను.

గ్రౌండంతా ఒక్కసారి విరగబడింది. బడి వరండాలో కూర్చున్న ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. సూపర్‌వైజరుగారు జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. పూజారిగారి చేతిలో చెంబు ఊగింది. అంత నవ్వు నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. మావాడు నెట్టు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. భుజం మీద తువ్వాలు. వాడూ నవ్వాడు. చూశాను.

వెనక నుంచి మాస్టారు మెల్లిగా, "నాలుగూ నాలుగండి" అన్నారు.

నవ్వు ఆగడానికి కొంచెం సేపు పట్టింది. ముందు వరసలు ఆగాయి. వెనక వరసలకి విషయం వెళ్ళేదాకా వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు.

"మైకువాణ్ణి మళ్ళీ వెయ్యమనండి. అది ఓటేంటండీ?" అని మా జట్టు కెప్టెన్ లేచాడు.

"అదేంటండి బాబూ! వేసిన ఓటు వేసిందే. మళ్ళీ వేస్తే ఎవరికేస్తాడో చిన్నపిల్లల్నడిగినా చెబుతారు" అని అవతలి కెప్టెన్ లేచాడు.

ఇద్దరి వెనకా జనం లేచారు. ప్రెసిడెంటుగారు కుర్చీల వైపు చూశారు. పోయినసారి విరిగినవి ఆయన ఇంటివే. "రెండో ఓటు లేదు. కూర్చోండి అందరూ" అన్నారు. రూపాయి బిళ్ళ ఎగరేద్దామని ఎవరో అన్నారు.

"బిళ్ళ ఎగరేసేది ఎవరు ముందు సర్వీసు చెయ్యాలో తేల్చడానికండి" అన్నారు పూజారిగారు. "మనుషుల్ని తేల్చడానికి మనకో పద్ధతుంది కదా. సమానంగా వచ్చారు. అంటే ఉజ్జీలే. వెళ్ళి పేర్లు పెట్టుకు రమ్మనండి. అతిథిగారు కోరుకుంటారు."

ఎవరూ కాదనలేదు. ఆ పద్ధతి అన్యాయమని మా ప్రాంతంలో ఎవరూ అనరు. చిన్నప్పటి నుంచీ అందరూ అలాగే ఏదో ఒక జట్టులో పడ్డవాళ్ళు.

మావాడూ ఆ పొడుగాయనా భుజాల మీద చేతులు వేసుకుని గ్రౌండు చివరకి నడిచారు. మావాడి చెయ్యి ఆయన భుజానికి సరిగ్గా అందలేదు. గోడ దగ్గర ఆగి ఏదో అనుకున్నారు. తిరిగొచ్చి స్టేజీ ముందు నిలబడ్డారు. మావాడే అడిగాడు.

"కాయితం పువ్వు కావాలాండి, కనకాంబరం కావాలాండి?"

సూపర్‌వైజరుగారికి ఇదంతా ముచ్చటగా ఉంది. "రెండిట్లో దేనికి మంచి వాసనుంటుందోయ్?" అన్నారు.

"రెంటికీ ఉండదండి" అన్నాడు మావాడు.

మళ్ళీ నవ్వారు జనం. ఆయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. నేనూ చూశాను. ఇద్దరి మూతులూ కదల్లేదు. నేనెప్పుడూ ఉజ్జీల మొహాలు ఎదర నుంచి చూడలేదు. అప్పుడే మొదటిసారి.

"కనకాంబరం" అన్నారాయన.

పొడుగాయన ఒక అడుగు ముందుకేశాడు.

ఉత్తమ ఆటగాడు పదో నంబరు అని నేనే మైకులో చెప్పాను. గొంతు మామూలుగానే వచ్చింది. తరవాత మూడు చక్రాల సైకిలు మీద వచ్చిన ఐసుబండి గేటుకి అడ్డంగా ఉందని, తియ్యాలని చెప్పాను. అది కూడా మామూలుగానే వచ్చింది.

జనం వెళ్ళిపోయాక పులిహోర పొట్లం తిన్నాను. ఉప్పు సరిపోయింది. ఏమీ అనిపించలేదు. ఏదో అనిపించాలి కదా అని కాసేపు కూర్చుని చూశాను. మావాడు వచ్చి మైకు వైరు చుట్టడం మొదలుపెట్టాడు. మోచేతికీ అరచేతికీ మధ్య చక్కగా చుట్టాడు. "రెండో చివర పట్టుకో, మడత పడతంది" అన్నాడు. పట్టుకున్నాను.

సోమవారం పొద్దున్న వాడు షాపు ముందు నుంచి నర్సరీకి నడిచి వెళ్ళాడు. నేను ట్యూబు నీళ్ళలో ముంచుతున్నాను. "ఏరా" అన్నాడు. "ఆఁ" అన్నాను.

షాపు ముందు బల్ల మీద మాత్రం ఆ ఓటింగు చాలా ఏళ్ళు జరుగుతూనే ఉంది. మాస్టారికి ఒకటే పాట. గెలిచిన జట్టు లిఫ్టర్ని వదిలి ఓడిన జట్టు స్మాషర్ని ఎన్నుకోవడం ఏ దేశంలో ఉందండీ అని. కప్పు ఆటగాడికండీ జట్టుకి కాదు, జట్టుకి వేరే కప్పిచ్చారు కదా అని పూజారిగారు. ఏ కెప్టెన్ ఎటు వేసి ఉంటాడో వేళ్ళ మీద లెక్కపెట్టేవారు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాలుగూ నాలుగే వచ్చేది. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగేవారు.

"అసలు ముద్దాయి ఇక్కడ గాలి కొడుతున్నాడండీ" అనేవారు మాస్టారు.

"ముద్దాయి కాదండి, అభ్యర్థి. ఇంకో నాలుగు ఓట్లు పడుంటే నేనే ఫ్యాక్టరీకి వెళ్ళేవాణ్ణి" అనేవాణ్ణి.

వాళ్ళు నవ్వేవారు. తరవాత నేను నా వాంగ్మూలం చెప్పేవాణ్ణి. నా మొహం జనం వైపు ఉందండీ, నల్లబల్ల నా వెనకుంది, ఎన్ని గీతలున్నాయో నాకేం తెలుసు అని. వందసార్లు చెప్పి ఉంటాను. మాస్టారు నా వెనకే నిలబడి గీతలు గీసిన మనిషి. నేను తిరగడం చూసిన మనిషి. ఆయన ఒక్కసారి కూడా, "తిరిగావు కదరా" అనలేదు. కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకునేవారు. నిజంగా ఆయన చూడలేదేమో. నేను అడగలేదు.

పొడుగాయన ఫ్యాక్టరీలో పర్మనెంటయ్యాడు. ఏటా పోటీలకి స్కూటరు మీద వచ్చేవాడు, ఫ్యాక్టరీ బనీను వేసుకుని. మంచివాడు. నా దగ్గరే గాలి కొట్టించుకునేవాడు. "మీరు లేకపోతే నేనెక్కడుండేవాణ్ణండీ" అనేవాడు నవ్వుతూ. "పెద్దాపురంలో ఉండేవారండి" అనేవాణ్ణి. కొన్నేళ్ళు నేను పేపర్లో ఆటల పేజీ కాకుండా రెండో పేజీ చదివేవాణ్ణి. చుట్టుపక్కల మిల్లులూ ఫ్యాక్టరీలూ ఒక్కొక్కటీ మూతపడుతున్నాయని రాసేవారు. ఈ ఫ్యాక్టరీ కూడా మూతపడితే లెక్క సరిపోతుందనుకునేవాణ్ణి. మూతపడలేదు.

మావాడు ఇంకో రెండు ఎండాకాలాలు ఆడాడు. రెండో ఏడు లిఫ్టులు పొట్టిగా లేచేవి. మైకులో నేను స్కోరు చెబుతూ దాన్ని చూసేవాణ్ణి. మూడో ఏడు వాడు జట్టులో లేడు. ఎవరూ తీసెయ్యలేదు, వాడే రాలేదు. గ్రౌండు గోడ మీద కూర్చుని చూశాడు. నేను మైకులో వాడి మీద ఒక జోకు వెయ్యబోయి, స్కోరు చెప్పాను.

ఒకసారి షాపులో టీ తెప్పించాను. వాడు గ్లాసుని వేళ్ళతో కాకుండా రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగాడు. కాలుతుంది కదా అన్నాను. తెలీట్లేదురా అన్నాడు. ఆ మాటకి కూడా నాకేమీ అనిపించలేదు. నాకూ తెలియట్లేదేమో. నాకు మట్టి పని కూడా లేదు.

తరవాత సెల్‌ఫోన్లు వచ్చాయి. పేపరు రాకముందే స్కోరు ఫోనులో తెలిసిపోయేది. అయినా పూజారిగారు పేపరు కొనేవారు, ఎందుకంటే ఫోనుతో వాదించలేం. నర్సరీలో మావాడు సంచుల పని నుంచి రిక్షా బండికి మారాడు. మొక్కలు నింపుకుని లారీల దగ్గరికి తోలుకెళ్ళేవాడు. ఒక మధ్యాహ్నం ఆ బండి టైరు పంక్చరై తోసుకుంటూ వచ్చాడు. బండి నిండా కనకాంబరాలు. అవి ఆ రోజు ఆర్డరు, అంతే. బల్ల ఖాళీగా ఉంది. మాస్టారు కంటి ఆపరేషనుకి రాజమండ్రి వెళ్ళారు. పూజారిగారికి గుళ్ళో ఏదో అభిషేకం.

వాడు బల్ల మీద కూర్చున్నాడు. నేను టైరు విప్పి ట్యూబు లాగి నీళ్ళ తొట్టిలో ముంచాను. ముంచి, తల ఎత్తకుండా అన్నాను.

"ఒరే, ఆ రోజు నేను బోర్డు చూశాన్రా."

ఏ రోజు అని వాడు అడగలేదు.

"చీటీ చదవకముందే చూశాను. నాలుగూ నాలుగూ అని తెలిసే చదివాను" అన్నాను.

ట్యూబు తొట్టిలో తిప్పుతున్నాను. వాడు నీళ్ళలోకి చూస్తున్నాడు.

"నువ్వు ఎనక్కి తిరగడం నేనూ చూశాన్లే" అన్నాడు. "నెట్టు కాడే కదా కూచున్నాను. ఎదురుగా కనపడదేంటి."

"మరి ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా అడగలేదేంట్రా?"

"అదిగో, బుడగలొస్తన్నాయి. అక్కడే" అన్నాడు.

చోటు దొరికింది. వేలు పెట్టి నొక్కి పట్టుకున్నాను. తుడిచాను. రాచాను. సొల్యూషను పూసి ఆరడానికి ఊదుతున్నాను. ఇంక వాడేమీ అనడనుకున్నాను.

"అడిగి ఏం చెయ్యన్రా?" అన్నాడు. "ఆరేళ్ళు నీతో ఉజ్జీ కట్టేను. ఒక్క కెప్టెనంటే ఒక్క కెప్టెన్ నిన్ను కోరుకోలేదు. పోన్లే, ఆ రోజుకైనా నిన్ను కోరుకున్నోడు ఒకడు దొరికేడనుకున్నాను."